జనరేటరు వేస్తే పరుగెత్తే గుండె

2009 వేసవిలో నన్ను వనపర్తికి వేశారు. ఆస్పత్రులకు యంత్రాలు అమ్మి, వాటి బాగోగులు చూసే ఒక కంపెనీలో నేను సర్వీసు ఇంజనీరుని. పేరుకు సీనియర్ హోదా. చేసేది మాత్రం భుజాన సంచి తగిలించుకుని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బస్సులు పట్టుకుని తిరగడం. ఈసీజీ మానిటరు మొరాయించినా, పసిపిల్లల వార్మరు చల్లబడినా కబురు నాకే వచ్చేది.

మా పనిలో అసలైన కన్ను ఆసిలోస్కోపు. మల్టీమీటరు కరెంటు ఎంత ఉందో అంకెల్లో చెప్పి ఊరుకుంటుంది. ఆసిలోస్కోపు ఆ కరెంటు ఎలా లేచి పడుతోందో, సెకనుకు ఎన్నిసార్లు లేచి పడుతోందో తెరమీద గీతగా చూపిస్తుంది. నేను ఏళ్ల తరబడి వాడింది బల్లమీద పెట్టే రకం. ట్రంకుపెట్టెంత ఉండేది. దాన్ని బస్సెక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది. పైగా కండక్టరుతో లగేజీ తగువు.

అందుకే ఆ ఏడు హైదరాబాదు కోఠిలో సెల్‌ఫోనంత ఆసిలోస్కోపు చౌకగా కనబడితే కొనేశాను. కొన్నానన్న మాటే గానీ నమ్మకం మాత్రం కుదరలేదు. ప్లాస్టిక్ డొక్కు, వేలెడంత తెర, చూస్తే జాతరలో అమ్మే బొమ్మలా ఉంది. కొత్త పరికరాన్ని వాడే ముందు తెలిసిన కొలతతో సరిచూడాలి, దాన్నే మేం కాలిబ్రేషన్ అంటాం. లాడ్జి గదిలో కూర్చుని మొదలుపెట్టాను. ముందు ప్రోబు, అంటే కొలవాల్సిన చోట తాకించే తీగ, కొసను దాని ఎర్తు తీగకే కలిపి, గీత సున్నా మీదకు వచ్చేలా సర్దాను. తర్వాత పరికరంలోనే పుట్టే చదరపు అలను చూస్తూ ప్రోబులోని చిన్న స్క్రూను తిప్పాను. స్క్రూ అటూ ఇటూ అయితే అల మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, లేదా కొమ్ముల్లా పైకి లేస్తాయి. రెండూ కాకుండా నిటారుగా నిలబడాలి. నిలబడ్డాయి. కొత్త బ్యాటరీ పెట్టి చూస్తే వోల్టేజి నా మల్టీమీటరుతో కలిసింది.

మిగిలింది కాలం కొలత. మా వృత్తిలో అందరం చేసే పని ఒకటుంది. గోడలో వచ్చే కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది కాబట్టి, దాన్నే కొలబద్దగా పెట్టుకుంటాం. వోల్టేజి తగ్గించడానికి మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టి గద్వాల లాడ్జిలో చూశాను. యాభైకి తక్కువే చూపించింది. పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె. ఇంకేముంది, నాసిరకం సరుకని తిట్టుకుని సంచి అడుగున పడేశాను.

ఆ వారమే నాగర్‌కర్నూల్‌లోని ఒక చిన్న నర్సింగ్ హోమ్ నుంచి ఫోను. బిజినేపల్లి దగ్గరి రైతు బాలస్వామిని చేని గట్టు రాళ్లు ఎత్తుతుంటే తేలు కుట్టిందట. ఎర్రతేలు విషం ఒక్కోసారి గుండె మీదికి వస్తుంది. అందుకే మానిటరు తగిలించి పడుకోబెట్టారు. పొద్దున్నుంచి గుండె కుదురుగానే ఉందట. మధ్యాహ్నం కాగానే ఉన్నట్టుండి మానిటరులో వేగం రెట్టింపైపోతోందట. యంత్రం సరిగ్గా ఉందో లేదో తేల్చమని డ్యూటీ డాక్టరమ్మ అడిగారు.

నేను వెళ్లేసరికి వార్డులో మానిటరు గోల పెడుతోంది. గీత దుబ్బులా మందంగా వణుకుతోంది. డాక్టరమ్మ చేతిలో సిరంజి సిద్ధంగా ఉంది. ఆవిడ పరిస్థితి వివరించారు. మణికట్టు దగ్గర నాడి మామూలుగానే అందుతోంది, కానీ గుండె అదుపు తప్పి కొట్టుకుంటే అన్ని దెబ్బలూ నాడి దాకా రాకపోవచ్చు. స్టెతస్కోపు పెడితే గోడ వెనక జనరేటరు మోతలో ఏమీ తెలియడం లేదు. దాన్ని ఆపుదామంటే పక్క గదిలో రోగికి పెట్టిన ఆక్సిజన్ యంత్రం ఆగిపోతుంది. అది నిజంగా గుండె పరుగే అయితే, మందిచ్చి నెమ్మదింపజేసి హైదరాబాదు పంపాలి. పరుగు కాకపోతే, విషంతో నలిగిన గుండెను అదే మందు ఆపేయొచ్చు. అంబులెన్సు వచ్చేలోగా తేల్చమన్నారు.

బాలస్వామి మాత్రం కళ్లు తెరిచే ఉన్నాడు. భార్య ఎల్లమ్మ అతని చేయి వదలకుండా పట్టుకుని కూర్చుంది. నన్ను చూసి, "కరెంటు ఉన్నప్పుడు నిమ్మలంగనే ఉంటది సారూ. కరెంటు పోయి ఇంజన్ ఏసినంక గా డబ్బ మొత్తుకుంటది. ఈనకేమో ఏం తెల్వదు," అంది.

ఆ మాటకు నా బుర్ర జనరేటరు వైపు తిరిగింది. మానిటరులో ఒక జల్లెడ ఉంటుంది. చుట్టుపక్కల తీగల నుంచి ఒంటిమీద పడే కరెంటు రొదను ఏరేసి గుండె గీతను మాత్రమే వదలడం దాని పని. అయితే అది ఏరేది యాభై దగ్గరి రొదనే. జనరేటరు యాభై దగ్గర తిరగకపోతే రొద లోపలికి వచ్చి, కొన్ని వణుకులు గుండె దెబ్బలుగా లెక్కకు ఎక్కుతాయి. సంచి అడుగున పడేసిన బొమ్మను తీసి, జనరేటరు కరెంటు చూశాను. నలభై అయిదు!

సంతోషించడానికి లేదు. కిటికీలోంచి చూస్తే జనరేటరు బోర్డు మీది ముల్లు యాభై దగ్గర నిక్కచ్చిగా నిలబడి ఉంది. అదేమో బోర్డుకు బిగించిన మీటరు. నా చేతిలోది నేనే తిట్టిపడేసిన చౌక సరుకు. ఏ మొహంతో డాక్టరమ్మను సూది ఆపమనాలి? గోడ కరెంటుతో సరిచూద్దామంటే అసలు కరెంటే లేదు.

అప్పుడు తల ఎత్తితే వార్డు గోడమీద క్వార్ట్‌జ్ గడియారం టిక్కుటిక్కుమంటోంది. దానికి జనరేటరుతో సంబంధం లేదు, అది సెల్లుతో నడుస్తుంది. లోపలి స్ఫటికం ముల్లును కదపడానికి తీగచుట్టకు సెకనుకొక తోపు ఇస్తుంది. నర్సును అడిగితే, మందులన్నీ ఆ గడియారం చూసే ఇస్తామని, రేడియో వార్తలతో కలుస్తుందని చెప్పింది. యాభైకీ నలభై అయిదుకూ ఉన్నట్టు పదోవంతు తప్పు ఉంటే రోజు తిరిగేసరికి రెండు గంటల పైనే తేడా వచ్చి ఉండేది. స్టూలెక్కి గడియారం దించాను. వెనక మూత ఊడదీస్తుంటే ఎల్లమ్మ బిత్తరపోయి చూసింది. పక్కన మగడి ప్రాణం ఊగుతుంటే ఈయన గడియారం రిపేరు పెట్టుకున్నాడేమిటని అనుకుని ఉంటుంది పాపం.

తీగచుట్ట కొసలకు ప్రోబు తగిలించాను. ఒక తోపు పైకి, ఒక తోపు కిందికి, తెరమీద మొలకల్లా లేస్తున్నాయి. రెండు తోపుల మధ్య కొలిచాను. సెకను. మళ్లీ కొలిచాను. సెకనే, వెంట్రుకవాసి తేడా లేదు. ఈ పరికరంలో నిదానమైన కొలతకూ వేగమైన కొలతకూ కాలం చెప్పే స్ఫటికం ఒక్కటే. అంటే నలభై అయిదూ నిజమే. ఔరా అనుకున్నాను. ఏళ్లుగా నేను పైకి చూసి టైము అడుగుతున్న గడియారంలోనే ఇంత గొప్ప కొలబద్ద ఉందా!

డాక్టరమ్మకు ఆ గీతలు చూపించి, సూది కాసేపు ఆపమని చెప్పి, గోడ వెనక్కి పరుగెత్తాను. జనరేటరు నడిపే సాయన్నది ఖిల్లా ఘణపూర్. ఇంజను తగ్గించావా అంటే దాచలేదు.

"జర మెల్లగ తిప్పితే డీజిల్ శానాసేపు వస్తది సార్. మా బాయికాడ ఆయిల్ ఇంజన్ గిట్లనే నడుపుత. నీళ్లు జర తక్కువ వస్తయి, గంతే. ఈడ బల్బులు మంచిగనే ఎలుగుతున్నయి గదా, ఏందిప్పుడు పరేషాన్?"

బల్బులు వెలుగుతున్న మాట నిజమే. ఇంజను నెమ్మదించినా వోల్టేజి పడిపోకుండా జనరేటరులోని రెగ్యులేటరు కాపాడుతుంది. ముల్లు మీటరు ఎప్పుడో చచ్చిపోయింది, వేలితో కొట్టినా కదల్లేదు. నీళ్ల బావి దగ్గర అతను చేసేది తెలివైన పనే. ఇక్కడ దాని దెబ్బ ఎవరికి తగులుతోందో చెప్పేసరికి సాయన్న మొహం పాలిపోయింది. "అయ్యో దేవుడా, నాకేం తెల్సు సార్," అంటూ ఇంజను వేగం పెంచే త్రాటిల్ మీద చేయి వేశాడు. నేను తెర చూస్తూ పెంచమన్నాను. నలభై ఏడు, నలభై తొమ్మిది, యాభై. అక్కడ బిగించాడు.

లోపలికి వచ్చేసరికి మానిటరు నోరు మూసుకుంది. మందంగా వణికిన గీత సన్నటి తీగలా సాగి, ఒక్కొక్క గుండె దెబ్బా విడివిడిగా లేస్తోంది. డాక్టరమ్మ బాలస్వామి మణికట్టు పట్టుకుని లెక్కపెట్టారు. మానిటరు అంకె, ఆమె లెక్క కలిశాయి. సిరంజిని ట్రేలో పెట్టేశారు.

మానిటరు వెనక గుండె గీతను బయటికిచ్చే సాకెట్టు ఒకటి ఉంటుంది. నా పరికరం బ్యాటరీది కాబట్టి రోగికి ప్రమాదం లేదు. తగిలించాను. నా అరచేతిలో బాలస్వామి గుండె కొట్టుకుంటోంది. ఎన్నో గుండెలు తెరలమీద చూసినవాణ్ణే, అరచేతిలో చూడడం మాత్రం అదే మొదలు. ఎల్లమ్మ వంగి చూసి, "గిది ఈనదేనా సారూ?" అంది. అవునన్నాను. చేయి ముందుకు చాపి, తెరకు తగలకుండానే వెనక్కి తీసుకుంది.

బాలస్వామి కోలుకుని ఇంటికి వెళ్లాడు. అంబులెన్సు ఖాళీగా తిరిగిపోయింది. వనపర్తికి తిరిగొచ్చాక గోడ కరెంటును మళ్లీ చూశాను. యాభైకి తక్కువే. ఈసారి తిట్టలేదు. బయట చేలల్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారి కరెంటు లాగుతుంటే, ఎక్కడో దూరాన విద్యుత్ కేంద్రాల్లో టర్బైన్లు ఆ బరువుకు కాస్త నెమ్మదిస్తున్నాయి. ఆ బరువంతా నా వేలెడంత తెరమీద కనబడుతోంది! గద్వాలలోనూ అది నిజమే చెప్పింది. ఆ వేసవి సాయంత్రం చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

రిటైరయ్యేదాకా కొత్త పరికరం ఏది వచ్చినా ముందు గోడ గడియారం దించేవాణ్ణి. కుర్ర ఇంజనీర్లు నవ్వేవారు. యంత్రం ఒక అంకె చూపితే, దాన్ని దేనితో సరిచూశారని అడగాలి. జవాబు దొరికేదాకా మనిషి ఒంట్లోకి సూది దిగకూడదు.