సీసాలకు ప్యాంట్లు తొడిగిన ఇల్లు

ఈ రోజు పొద్దున డాక్టరమ్మగారి పిల్లలు పిజ్జా కావాలన్నారు. గోరువెచ్చని నీళ్ళలో చక్కెర వేసి, ఈస్ట్ కలిపి, గిన్నె మీద మూత పెట్టాను. కాసేపటికి మూత తీస్తే నురగ పైకి లేచి పులిసిన వాసన ముక్కుకు తగిలింది. రియాద్‌లో ఐదో అంతస్తు మీదున్న ఈ వంటింట్లో ఆ వాసనకు ఏ దోషమూ లేదు, అది రొట్టె వాసన. అయినా నా కళ్ళు గబుక్కున వీధి తలుపు వైపు వెళ్ళి వచ్చాయి. పక్కనే ఉన్న చిన్నపిల్ల కనిపెట్టేసింది. "ఎవరొచ్చారు మంగా ఆంటీ?" అంది. "ఎవరూ రాలేదమ్మా, ఒకావిడ గుర్తొచ్చారు" అన్నాను. "ఆవిడ పిజ్జా బాగా చేసేదా?" అంది. "పిజ్జా తప్ప అన్నీ చేసేవారు" అన్నాను.

ఆవిడ పేరు ఇందుమతి గారు. అసలు పేరు అది కాదు. భార్యాభర్తలిద్దరూ ఫైనల్ ఎగ్జిట్ మీద ఈ దేశం వదిలి కర్నూలు వెళ్ళిపోయి చాన్నాళ్ళయింది కాబట్టే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. అయినా పేరు మార్చాను. నేను ఏడో తరగతితోనే బడికి దండం పెట్టి, రాజోలు పక్క పల్లె నుంచి వంటమనిషిగా ఇక్కడికి వచ్చినదాన్ని. ఆమె ఒకప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పారు. సారు ఇంజనీరు. ధహ్రాన్‌లో, గోడ కట్టి గేటు పెట్టిన ఒక కాంపౌండ్‌లో వాళ్ళ ఇల్లు. ఆమె మంచివారా, చెడ్డవారా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నేను కాసేపు కూర గరిటె తిప్పుకుంటూ ఉండిపోతాను. ఇది రాస్తే తేలుతుందేమోనని ఆశ.

మొదటిరోజు ఆమె ఇల్లంతా తిప్పి చూపిస్తూ గెస్ట్ బాత్‌రూమ్ ముందు ఆగారు. తలుపు వేసి ఉంది. లోపలి నుంచి పులుపు వాసన. కొత్త ఇంట్లో మంచి పేరు తెచ్చుకోవాలని నేనే ముందు నోరు తెరిచాను.

"ఇడ్లీ పిండి బాగా పులిసిపోతందండీ అమ్మగారూ. ఎవరిదన్నా పెళ్ళాండీ?"

"పిండి కాదు. బీరు" అన్నారు ఆమె.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"చూడు మంగా, ఈ దేశంలో ఇది నేరం. చేసేది నేను, తాగేది సారు. నీకు చెప్పకుండా నిన్ను పెట్టుకుంటే అది ఇంకో నేరం. ఉంటావో పోతావో నువ్వే ఆలోచించుకో. పోతానంటే వేరే ఇల్లు నేనే చూస్తా."

నాకు బుర్ర తిరిగిపోయింది. అంతకుముందు పనిచేసిన ఇంట్లో ఏ మూల పడుకోవాలో కూడా ఎవరూ చెప్పలేదు. ఇక్కడేమో జైలుకు దారి ముందే చూపించి, ఇష్టమైతేనే రమ్మంటున్నారు. నా ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, సారు పేరు మీద ఉంటుంది. ఆ ఇంట్లో ఏది దొరికినా సారుతోపాటు నేనూ గల్లంతే. అమలాపురంలో నా కూతురు నర్సింగ్ చదువుతోంది. నేను విమానమెక్కి ఇంటికి వెళ్ళిన రోజున దాని చదువూ ఇంటికి వచ్చేస్తుంది. ఇవన్నీ ఆలోచించి తెలివైన ఆడది ఏం చేయాలో నాకు స్పష్టంగా తెలిసింది. మర్నాడు పొద్దున వెళ్ళి ఉంటానని చెప్పాను. ఎందుకు చెప్పానో అప్పుడూ తెలియదు. నిజం చెప్పిన మనిషిని వదిలిపెట్టి, ఏం దాచిందో తెలియని ఇంకో మనిషి ఇంటికి వెళ్ళడానికి భయమేసిందేమో.

తాగుడంటే నాకు పడదు. మా ఆయన ఎప్పుడైనా తాగకుండా ఇంటికొస్తే మా కుక్క గుర్తుపట్టక మొరిగేది. ఆయన దాచిన సీసాలు గడ్డివాములోంచి తీసి పగలగొట్టడమే నా కాపురమంతా. పగలగొట్టి పగలగొట్టి, చివరికి ఆయన పోయాక, సముద్రం దాటి ఇంత దూరం వచ్చింది సీసాలు పగలకుండా కాపలా కాయడానికా అనిపించేది. ఒకసారి కూరగాయలు తరుగుతూ ఉండబట్టలేక అడిగేశాను.

"సారు చేత మాన్పించెయ్యొచ్చు కదండీ. చదువుకున్నోరు కదా మీరు."

"నువ్వు మీ ఆయన చేత మాన్పించినావా?" అన్నారు.

నా చేతిలో కత్తి ఆగింది. ఆమె వెంటనే స్టవ్ కట్టేసి నా పక్కన వచ్చి కూర్చున్నారు. "ఆ మాట అనకూడదు నేను. తప్పే. సారు స్నేహితుడొకాయన బయట దొంగసారా తాగి కళ్ళు పోగొట్టుకున్నాడు. చేయి పట్టుకుని విమానం ఎక్కించినాం. మాన్పించడం నావల్ల కాలేదు మంగా. కళ్ళైనా కాపాడుకుందామని ఇది మొదలుపెట్టినా." మళ్ళీ లేచి వెళ్ళి పోపు వేశారు. అది మంచి కారణమో, మంచి సాకో నేను తేల్చుకోలేకపోయాను. సారు చూస్తే గురువారం సాయంత్రం వేరుశనగలు ముందు పెట్టుకుని తాగి, గ్లాసు తనే కడుక్కుని, పాటేదో తప్పుగా పాడుకుంటూ పడుకునేవారు. తిట్టడానికి కూడా పనికిరాని తాగుబోతు.

బీరు చేయడంలో నన్ను వేలు పెట్టనిచ్చేవారు కాదు. దాచడం దగ్గర మాత్రం ఇద్దరి బుర్రలూ పెట్టక తప్పలేదు. ద్రాక్షరసం వచ్చే బిరడా సీసాలు, దళసరి గాజువి, వాటిలో నింపేవారు. నింపాక అవి చంటిపిల్లల కంటే పేచీ. మొదట మంచం కింద పడుకోబెట్టారు. మడ్డి అంతా పక్కకు పట్టి, సారు గ్లాసులో వరదకాలం గోదావరి కనిపించింది. "నిలబెట్టాల మంగా. మడ్డి అడుక్కు దిగాల" అన్నారు ఆమె. బియ్యం డ్రమ్ములో నిలబెడితే చల్లగానే ఉన్నాయి కానీ, ఒకటి కారి, ఆ వారమంతా అన్నం తింటే నాకు నిద్ర ముంచుకొస్తోందని సారుకు ఫిర్యాదు చేశాను. వాషింగ్ మెషిన్ పక్కన పెడితే మెషిన్ తిరిగినప్పుడల్లా అవీ ఊగేవి. అలా ఊగినదాన్ని తెరిస్తే బిరడా ఎగిరి ట్యూబులైటుకు తగిలింది. చివరికి ఇంటి మధ్యలో, కిటికీ లేని స్టోర్ రూమ్ ఒక్కటే మిగిలింది. ఇల్లంతటికీ చల్లని చోటు అదే. చిక్కల్లా అక్కడ దేవుడి పటాలుండటం. ఈ దేశంలో పూజ కూడా తలుపు మూసుకునే కదా చేసుకునేది.

"పైన దేవుళ్ళు, కింద ఇవి" అన్నారు ఇందుమతి గారు.

"ఏ దేవుడి నైవేద్యమని చెప్పమంటారండీ?"

"అడిగిన దేవుడికి నేను జవాబు చెప్పుకుంటాలే. నువ్వు పోయి సారు పాత ప్యాంట్లు పట్టుకురా."

ప్యాంట్లు ఎందుకంటే, వేడికి సీసా పేలితే గాజు ముక్కలు ఎగురుతాయి. ప్యాంటు కాళ్ళు జానెడేసి కత్తిరించి, అడుగు కుట్టేసి, ఒక్కో సీసాకు ఒక్కోటి తొడిగి, మూతలున్న ప్లాస్టిక్ పెట్టెల్లో ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టాలన్నది ఆమె ఉపాయం. కుట్టడం వరకే నా వంతు. సీసా ముట్టుకోనివ్వలేదు. కొత్తవాటి మెడకు ఎర్ర రబ్బరు బ్యాండు, తాగడానికి సిద్ధమైనవాటికి పచ్చది. అన్నీ అయ్యాక చూస్తే, పెట్టెల్లో నడుం పైన లేని ఆఫీసర్లు వరసగా నిలబడి జీతాల కోసం చూస్తున్నట్టుంది. అది చెప్తే ఆమె పడీపడీ నవ్వారు. ఆమె అలా నవ్వడం తక్కువ.

ఒక్కటే నాకు మింగుడుపడలేదు. నగలున్న బీరువా తాళాలు నా చేతిలో పెట్టి ఊళ్ళకు వెళ్ళే మనిషి, ఆ స్టోర్ రూమ్ తాళం మాత్రం మంగళసూత్రాలతోపాటు మెడలో వేసుకునేవారు. దేవుడికి దీపం పెట్టాలన్నా ఆమె వెంట వెళ్ళాల్సిందే. బంగారం దగ్గర నమ్మకమున్న మనిషికి బీరు దగ్గర లేదా, నేనేమైనా మా ఆయన పోలికా అని లోలోపల ఉడికిపోయేదాన్ని. అడగలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మా వరుసలో ఇళ్ళన్నింటికీ ఏసీ ఆగిపోయింది. ఇందుమతి గారు క్లినిక్‌కు వెళ్ళారు, సారు డ్యూటీలో ఉన్నారు. మొదట నాకు చెమట పట్టింది, తర్వాత సీసాలకు కోపం వచ్చింది. స్టోర్ రూమ్‌లో దుప్పటి కింద టపాకాయ పేలినట్టు ఒక చప్పుడు. కాసేపటికి తలుపు కింద నుంచి సన్నగా నురగ. గుడ్డ తెచ్చి తుడుస్తున్నాను, బెల్ మోగింది. ఏసీ చూసే ఖాన్ భాయ్. పెషావర్ వైపు మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, చేతిలో పనిముట్ల పెట్టె.

"హర్ కమ్రా దేఖ్‌నా హై, బహెన్" అని ప్రతి గదిలోనూ తల పెట్టి చూసుకుంటూ ఆ తలుపు దగ్గరికి వచ్చి, తెరవమన్నాడు. "యే ఖోలో."

"చాబీ నహీ హై భాయ్. మేడమ్ కే పాస్." తాళం అమ్మగారి దగ్గరుందని చెప్పాను.

లోపల మరొకటి పేలింది. ఆయన నా వైపు చూశాడు. ఇడ్లీ పిండి భాయ్, ఎండకు దానికి కోపం ఎక్కువ అన్నాను నా వచ్చీరాని హిందీలో. ఆయన కింద కూర్చుని తడిని వేలితో తాకి వాసన చూశాడు. నా కళ్ళ ముందు అమలాపురంలో నర్సింగ్ కాలేజీ గేటు మూసుకుపోయింది. నా జీవితంలో జోకు దొరకని సమయం అదొక్కటే.

"తాళం నీ దగ్గర లేదు. సచ్?" అన్నాడు, నిజమేనా అని.

"సచ్" అన్నాను. గొంతు వణకలేదు. లేనిదాన్ని లేదని చెప్పడానికి గొంతు ఎందుకు వణుకుతుంది.

ఆయన లేచి వేలు తుడుచుకున్నాడు. "కల్ సుబహ్ సూపర్‌వైజర్ కే సాథ్ ఆవూంగా. తబ్ తక్ చాబీ మిల్ జాయేగీ" అన్నాడు. రేపు పై ఆఫీసరుతో వస్తాను, ఈలోగా తాళం దొరుకుతుందిలే అని. దొరకాల్సింది తాళం కాదు, గది ఖాళీ చేయడానికి ఒక రాత్రి అని ఇద్దరికీ తెలుసు.

ఇందుమతి గారు రాగానే జరిగిందంతా చెప్పాను. ఆమె మొదట అడిగింది సీసాల సంగతి కాదు. "తాళం నీ దగ్గర లేదని చెప్పినావా?" అన్నారు. చెప్పానన్నాను. "నమ్మినాడా?" అన్నారు. నమ్మాడన్నాను. అప్పుడు గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నారు. ఆ తాళం నా మెడకు చుట్టుకోకూడదనే ఆమె తన మెడలో వేసుకున్నారని అప్పుడు తెలిసి, కోపం తెచ్చుకోవాలో సిగ్గుపడాలో తెలియక, తడిగుడ్డ అలా పట్టుకునే నిలబడ్డాను.

తర్వాత ఆమె పెట్టెలు ఒక్కొక్కటే బాత్‌రూమ్‌లోకి మోసుకెళ్ళారు. మెడకు తువ్వాలు చుట్టి, మొహం పక్కకు తిప్పుకుని ఒక్కో బిరడా తీసి తొట్టిలో ఒంపడం. నేను సాయం వస్తే మోచేత్తో నెట్టేశారు. సాయంత్రం సారు వచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, బూట్లు విప్పి ప్యాంటు మడుచుకున్నారు. కాళ్ళు పూర్తిగా ఉన్న ప్యాంటు ఆ ఇంట్లో అదొక్కటే మిగిలిందనుకుంటాను.

"అంతా నా కోసమే కదా" అన్నారు సారు.

"ఔ, మీకోసమే. పట్టండి ఇది" అన్నారు ఆమె.

ఇద్దరూ ఒంపారు. కొంతసేపటికి సారు, "నేను మానేస్తాలే ఇందూ" అన్నారు. ఆమె ఇంకో సీసా ఆయన చేతిలో పెట్టారు. మర్నాడు ఖాన్ భాయ్, సూపర్‌వైజర్ వచ్చేసరికి గదిలో దేవుళ్ళు, బియ్యం బస్తాలు, ఫినాయిల్ వాసన మాత్రమే ఉన్నాయి. ఖాన్ భాయ్ ఏసీ వైపే చూశాడు, నా వైపు చూడలేదు.

గండం గడిచిందనుకున్నాను. వారం తిరగకముందే ఇందుమతి గారు నన్ను పిలిచి, రియాద్‌లో తన స్నేహితురాలు డాక్టరు ఉందని, నా ఇకామా వాళ్ళ పేరు మీదికి మార్చడానికి మాట్లాడేశానని చెప్పారు.

"నేనేం తప్పు చేశానండీ?"

"ఏమీ చేయలేదు. అందుకే."

"అందుకే అంటే ఏంటండీ?"

"తప్పు చేసినోళ్ళం మేము ఉంటాం. చేయనిదానివి నువ్వెందుకు?"

"మీరు మానేస్తే పోద్ది కదండీ. నేనూ ఉంటాను, మీరూ ఉంటారు."

"మానేస్తామని నీకు మాటిచ్చి, నిలబెట్టుకోలేకపోతే?" అన్నారు.

కారెక్కేటప్పుడు ఆమె నా పెట్టె తనే మోశారు. నేను ఏడవలేదు, కోపంగా ఉన్నాను. ఆ సీసాల పాటి చేయనా నేను అనుకున్నాను. దారి పొడవునా ఎడారి చూస్తూ అదే మాట. రియాద్ వచ్చేసరికి, నన్ను వదిలించుకున్నారా, కాపాడారా అన్నది మొదలుపెట్టిన చోటే ఉంది.

మొన్నామధ్య నేను సెలవు మీద ఊరికి వెళ్తున్నానని తెలిసి డాక్టరమ్మగారి బంధువొకాయన ఒక పార్శిల్ తెచ్చి ఇచ్చారు. బాగా చుట్టి, టేపు వేసి ఉంది. హైదరాబాద్‌లో వాళ్ళ తమ్ముడు వచ్చి తీసుకుంటాడట.

"ఇందులో ఏముందండీ?" అన్నాను.

"చిన్న వస్తువే మంగా. నీకెందుకు?"

"ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే ఎవరెళ్తారండీ లోపలికి, మీరా నేనా?"

"ఎవరూ పట్టుకోరు."

"నేనడిగింది అది కాదండీ."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగి, పార్శిల్ తిరిగి సంచిలో పెట్టుకున్నారు. ఆ రోజు ఆయన టీ తాగకుండానే వెళ్ళిపోయారు. అలా అడగడం నాకు ఏడో తరగతిలో ఎవరూ నేర్పలేదు. ఏముందో చెప్పని చేతిలోంచి ఏదీ అందుకోకూడదని నేర్పింది, రోజూ చట్టం తప్పిన ఒక ఇల్లాలు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఎవరైనా చెబితే వింటాను.

నా కూతురు ఇప్పుడు కాకినాడలో నర్సు. ఇందుమతి గారికి అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాను. ఆమె నా మోకాళ్ళ నొప్పుల గురించి అడుగుతారు, నేను సారు షుగర్ గురించి అడుగుతాను. నేను వెళ్ళిపోయాక మళ్ళీ బీరు చేశారా, మానేశారా అని మాత్రం ఇన్నేళ్ళలో అడగలేదు. మానేశారని చెబితే, నన్ను ఊరికే పంపేశారన్నమాట. మానలేదని చెబితే, నన్ను పంపింది ఆ సీసాలను ఉంచుకోవడానికన్నమాట. అడిగితే ఆమె నిజమే చెబుతారు, అందులో అనుమానం లేదు. ఏ జవాబు వినాలని ఉందో నాకే ఇంకా తేలలేదు.