వంక పొంగిన రోజు మోగిన ఫోను

నిన్న కర్నూలులో ఎండ మండిపోతుంటే ఆఫీసు స్నేహితులతో కలిసి నన్నారి షర్బత్ తాగాను. గ్లాసు సగమయ్యేసరికి మబ్బు కమ్మి వాన మొదలైంది. నిమ్మకాయ పిండిన ఆ నన్నారి వాసనకి మా ఊరు పత్తికొండ గుర్తొచ్చింది.

నంబరు తిప్పే నల్ల ఫోన్లు గుర్తున్నాయా మీకు? నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి అలాంటిది ఒక్కటే, నా స్నేహితురాలు సుజాతవాళ్ల కిరాణా అంగట్లో ఉండేది. ఒక మధ్యాహ్నం సుజాతా నేనూ ఆ అంగడి మెట్ల మీద షర్బత్ తాగుతుంటే ఉన్నట్టుండి కుండపోత వాన పడింది. వాళ్ల నాన్న టమాటాలు అమ్మి లారీలో తిరిగొస్తున్నాడు. ఇంతలో తడిసి ముద్దయిన ఒకాయన వచ్చి, అంగట్లో ఉన్న సుజాత అమ్మతో, "వంక పొంగుతాందమ్మా. ఏదో లారీ కొట్టుకపోయిందంట" అన్నాడు.

సుజాత అమ్మ ఫోను ఎత్తింది. చప్పుడు లేదు. పెట్టేది, మళ్లీ ఎత్తి చెవికి ఆనించుకునేది. సుజాత నా చెయ్యి వదల్లేదు. వాన వెలిసిన చాలాసేపటికి ఫోను మోగింది.

"ఇప్పుడే లైను దొరికింది. ఏ లారీ పోలేదు, అన్నీ వంక ఇవతలే నిలబడినాయి. టీ తాగుతాండాం." సుజాతవాళ్ల నాన్న గొంతు మాక్కూడా వినిపించింది.

"ఈడ మా పానాలు పోతాంటే మీరాడ టీ తాగుతాండారా?" అంటూ ఆమె కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. మేమూ నవ్వాం.

వార్త తెచ్చినాయన తప్పు చేసినవాడిలా గుమ్మం బయటే నిలబడ్డాడు.

"శానా తడిసినావు, లోపలికి రాప్పా," అని ఆమె ఆయనకి టవలు అందించింది.