మాస్టర్ సాబ్ గోనెసంచులు

దాజీ పేట్‌లో మా మగ్గాల వెనక గదిలో ఒక ముసలాయన అద్దెకుండేవాడు. పిల్లలకు ఉర్దూ చెప్పేవాడు కనుక అందరం మాస్టర్ సాబ్ అనేవాళ్ళం. గజళ్ళు రాస్తాడని, నలుగురు కూడినచోట చదివితే వాహ్వా అంటారని విన్నాను. ఆయనకు మాత్రం ఆ వాహ్వాలు పట్టలేదు. పనివాళ్ళ నోళ్ళలో నలిగే మాటలన్నీ పోగేసి ఉర్దూ నిఘంటువు చెయ్యాలని ఇరవై ఏళ్ళుగా పట్టుకున్నాడు. మాటకో చీటీ. చీటీలతో రెండు గోనెసంచులు నిండాయి.

నేను మగ్గానికి నూలు కండెలు చుడుతుంటే గడపలో కూర్చుని అడిగేవాడు. "బేటీ, దారం తెగితే ముడేస్తవు గదా, దాన్నేమంటరు?"

మా అత్త నవ్వేది. "నోట్ల ఉన్న మాటను మూట గట్టి ఏం జేసుకుంటడే ఈ సాయబు?"

నాకు మాత్రం గర్వంగా ఉండేది. చదువు రానిదాన్ని, నా మాట రాసుకునేవాళ్ళు ఇంకెవరున్నారు?

అచ్చు వేసేవాళ్ళను వెతుక్కుంటూ హైదరాబాద్ పోతూ సంచులు నాకు అప్పజెప్పాడు. "పైలం బేటీ. ఇంకో నకలు లేదు నా దగ్గర."

నాలుగు రోజులు ముసురు పట్టింది. కప్పు కారి సంచులు తడిసి ముద్దయ్యాయి. మూతి విప్పి చూశాను. పైచీటీల మీద సిరా పారి, అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఇంకేముంది, పోయాయి అనుకున్నాను. పారెయ్యడానికి మనసు రాలేదు. పాత కాగితాలతో మా ఇళ్ళల్లో చేసేదే చేశాను. నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో దంచి, బోర్లించిన కుండకు మెత్తి బుట్ట చేశాను. కనీసం బియ్యం పోసుకుంటాడు, ఆయన కష్టం ఆయన దగ్గరే ఉంటుంది అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆయన పేడా మిఠాయి పొట్లంతో వచ్చాడు. అచ్చు వేస్తామన్నారట. నేను ఏడుస్తూ వాన సంగతి చెప్పి బుట్ట ముందు పెట్టాను. చాలాసేపు దాని అంచు తడుముతూ కూర్చున్నాడు.

"పైవి పోయినా లోపలివి మిగిలేటియి బేటీ," అన్నాడు మెల్లగా. "నూలు తడిస్తే ఆరేస్తరు గదా మీరు."

పుట్టింది మగ్గమున్న ఇంట్లో, మెట్టింది మగ్గమున్న ఇంట్లో. తడి నూలు పోగుపోగూ విడదీసి ఆరేసిన చేతులివి. ఈ చేతులకే ఆ పని తోచలేదు. ఈ పాపం నాతోనే పోవాలి.

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ఆ బుట్టలోనే బియ్యం పోసుకున్నాడు. బతికినన్నాళ్ళూ మా గడపలో అట్లాగే కూర్చున్నాడు, నేను కండెలు చుట్టాను. మళ్ళీ దేన్నేమంటారని ఒక్క మాట అడిగితే ఒట్టు. ఒకనాడు ఉండబట్టలేక చేతిలో చిక్కుపడ్డ దారం చూపిస్తూ నేనే అన్నాను, "మాస్టర్ సాబ్, దీన్ని ఏమంటమో చెప్పాల్నా?"

"వద్దు బేటీ," అన్నాడు. "చెప్పినా ఇంక యాడ పెట్టుకోను?"