పిన్ని గోడ కేసు

మొన్న ఆదివారం చర్చి అయ్యాక బజారులో గోంగూర కొంటుంటే, నా పక్కన ఒకావిడ నిలబడి కట్టలు ఏరుతోంది. ఒక్కో కట్టా ఎత్తి, కళ్ళద్దాల పైనుంచి చూసి, ఒక్క మాటైనా అనకుండా పక్కన పెట్టేస్తోంది. సంచీ గుండెకు ఆనించుకుని గబగబా ఎండుచేపల దుకాణం వెనక్కి వెళ్ళిపోయాను. మా పిన్ని కేసు విన్న జడ్జిగారే ఆవిడ అనిపించింది. కాకపోవచ్చు కూడా. ఆవిడను బర్మా ఉత్తరాన ఎక్కడికో బదిలీ చేశారని విన్నాం. పైగా ఆవిడ మాకు కీడు చేసిన మనిషి కాదు. అయినా నా ఒంటికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. ఉండేది మా ఊరికి నది అవతలున్న తన్లిన్‌లో, మా తాత రేవులో పనిచేసే రోజుల్లో కట్టించిన ఇంట్లో. ముందుభాగం చెక్క, వెనక వంటిల్లు ఇటుక. బాబాయి పోయాక ఆ ఇంటి అరుగు మీదే ఇడ్లీలు, మినపగారెలు వేసి అమ్ముతూ పిల్లల్ని పెంచింది. ఆడపిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. ఆఖరివాడు, మా తమ్ముడు, మోటారు వర్క్‌షాపులో పనివాడు. పొద్దున్నే ఆ వీధిలోకి వెళితే పిండి పులిసిన వాసన, పక్కింటివాళ్ళ చేపల పులుసు వాసన కలిసి ఎదురొచ్చేవి. ఆ రెండూ కలిస్తేనే నాకు పిన్ని ఇల్లు. ఆ పక్కింటివాళ్ళు స్థలం అమ్ముకుని వెళ్ళిపోయారు. కొన్నాయన గొప్పవాడు, సైన్యంలో పైవాళ్ళతో పరిచయాలున్నవాడు. గోదాము కడతానని పిన్ని వంటింటి గోడను ఆనుకుని లోతుగా గొయ్యి తవ్వించాడు. వానలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం పిన్ని పప్పు రుబ్బుతుండగా గోడ లోపలికి కూలింది. ప్రాణం దక్కింది గాని కాలు విరిగింది.

కాలు కట్టు విప్పీ విప్పకముందే పిన్ని కేసు వేస్తానంది. మా బంధువులంతా హడలిపోయారు. "కేసేటే? నీకు మతి గాని పోనాదేటి? ఆ బాబు ఎవులో ఎరుగుదువా?" అని మా పెద్దమామయ్య తలుపు మూసి మరీ కోప్పడ్డాడు. సైన్యం ఏలుబడి వచ్చి, అప్పటికి ఊళ్ళో అందరం గొంతు తగ్గించి మాట్లాడుకోవడానికి అలవాటుపడిపోయాం. చర్చిలో పాస్టరుగారు కూడా పిన్ని కోసం ప్రార్థన చేస్తూ, "ప్రభువా, నీకు తెలిసిన ఆ సోదరి, నీకు తెలిసిన ఆ సంగతి, నీకు తెలిసిన ఆ మనుషులు" అన్నారు. దేవుడికి అన్నీ తెలుసు కనక సరిపోయింది. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు, ఇప్పుడు తలుచుకుంటే వస్తుంది.

బర్మా భాష చదవడం, రాయడం బాగా వచ్చినదాన్ని కనక కోర్టుకు తోడు నేనే వెళ్ళేదాన్ని. పిన్ని ఈస్టరుకు తొడిగే తెల్ల జాకెట్టు వేసుకుని, కర్ర పట్టుకుని, పెళ్ళికి వెళ్ళినట్టు తయారయ్యేది. మా లాయరు కిళ్ళీ నమిలి నమిలి పెదాలు ఎర్రగా చేసుకున్న పెద్దమనిషి. బయట బాగా మాట్లాడేవాడు. లోపల జడ్జిగారు తలెత్తి చూడగానే ఆయన గొంతు సగమయ్యేది. ఆవిడ సన్నటి మనిషి. నవ్వగా నేను చూడలేదు. కరెంటు పోయి ఫ్యాను ఆగినా, చెమటలు కారుతున్నా, విచారణ ఆపేది కాదు. కిటికీ తెరిపించి ఆ వెలుతురులోనే రాసుకునేది. ఆవిడ ఎవరి మనిషో మాకు తెలియదు. ఆ రోజుల్లో ఎవరిని చూసినా ముందు వచ్చే అనుమానం అదే.

వాయిదాలు సాగుతుండగా గోదాము మేనేజరు ఒకరోజు పిన్ని అరుగు మీదికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. చాలా మర్యాదస్థుడు. చెప్పులు విప్పి కూర్చుని, ఇడ్లీ అడిగి తిన్నాడు. పిన్నిని "అడో" అని పిలిచాడు. అంటే బర్మా మాటల్లో అత్తయ్యా, పిన్నీ అని. కేసు వదిలేస్తే తామే ఏదో కొంత చూస్తామని, కోర్టులో రాజీ రాయించుకుందామని చెప్పాడు. చేయి కడుక్కుంటూ, "అడో, మీ అబ్బాయిది సరిగ్గా సైన్యంలోకి తీసుకునే వయసు కదా? వార్డు ఆఫీసులో మావాళ్ళున్నారు. కావాలంటే ఆ జాబితాలో పేరు రాకుండా చూస్తారు" అన్నాడు. కావాలంటే పేరు వచ్చేలా చూస్తారని అనలేదు. అనక్కర్లేదు. అతను వెళ్ళాక పిన్ని ఆ పళ్ళెం కడగడానికి తీసి, కడక్కుండానే మళ్ళీ కింద పెట్టేసింది.

"అమ్మీ, నాను సంతకం ఎట్టీస్తాను. గోడ పోతే పోనాది. కుర్రోడు ఉంటే సాలు" అంది.

నేను కాదనలేదు. కాదనే ధైర్యం ఎవరికుంది?

రాజీ రోజున కోర్టు నిండుగా ఉంది. లాయర్లిద్దరూ అంతా అయిపోయినట్టే చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేనేజరు మా వెనక బల్ల మీద కూర్చున్నాడు, అతని తలనూనె వాసన నాకు తెలుస్తూనే ఉంది. జడ్జిగారు కాగితం చదివి, లాయర్లను పక్కన పెట్టి, తిన్నగా పిన్నినే అడిగింది.

"ఇది మీ ఇష్టంతోనే చేసుకుంటున్నారా?"

"అవునండీ" అంది పిన్ని, నేల చూస్తూ.

"నన్ను చూసి చెప్పండి."

పిన్ని తలెత్తింది. ఆ మొహంలో ఏం కనిపించిందో జడ్జిగారికి, మళ్ళీ అదే ప్రశ్న, ఈసారి ఇంకా నెమ్మదిగా అడిగింది. మా వెనక దగ్గు వినిపించింది. అవును అనెయ్యి పిన్నీ అని లోపల్లోపల బతిమాలుకున్నాను. పిన్ని నోట వచ్చిన మాట చాలా చిన్నది.

"భయపడి చేసుకుంటున్నానమ్మా."

ఎవరంటే భయం అని జడ్జిగారు అడగలేదు. అడిగి ఉంటే మేమేమైపోయేవాళ్ళమో. "ఈ రాజీని కోర్టు నమోదు చేయదు. విచారణ కొనసాగుతుంది" అని రాసుకుని, తర్వాతి కేసు పిలిపించింది.

బయటికొచ్చాక లాయరు మాతో మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. బస్సులో పిన్ని నా మణికట్టు పట్టుకుని, "నానేటి సేసీసినాను? ఆవిడ అలగ సూస్తంటే అబద్దం రానేదే అమ్మీ" అంటూనే ఉంది. ఆ సాయంత్రమే తమ్ముణ్ణి మౌల్మేన్‌లో మా దూరపు బంధువులింటికి పంపేశాం. ఆ తర్వాత వీధిలో ఏ బండి ఆగినా పిన్ని మూకుట్లోని గారె మాడబెట్టేది. కొన్నవాళ్ళు ఏమీ అనకుండా తినేవారు. వాళ్ళకూ తెలుసు.

తీర్పు వానలు వెనకబట్టాక వచ్చింది. గొయ్యి పూడ్చాలి, గోడ మళ్ళీ కట్టించి ఇవ్వాలి అని. కాలికి అడిగిన పరిహారం మాత్రం సాక్ష్యం చాలలేదని కొట్టేసింది. నాకు కోపమొచ్చింది గాని పిన్నికి రాలేదు. ఒకటి ఇచ్చి ఒకటి తీసేసిందంటే ఎవరి మనిషీ కాదన్నమాట అంది. కొద్దిరోజులకే జడ్జిగారి బదిలీ సంగతి తెలిసింది. మామూలు బదిలీయో, మావల్ల వచ్చిందో అడగడానికి మాకు నోరు లేదు. అవతలివాళ్ళు పైకోర్టుకు వెళతారని ఎదురుచూశాం. వెళ్ళలేదు. ఒకరోజు తాపీమేస్త్రీలు వచ్చి ఇటుకలు దింపారు. మేనేజరే దగ్గరుండి కట్టించాడు. అయ్యాక, "అడో, గోడ బాగుందా?" అని అడిగాడు. బాగుంది బాబూ అంది పిన్ని. గట్టి గోడే, తాత కట్టించినదానికంటే మందం.

తమ్ముడు ఏడాది దాటాక తిరిగొచ్చాడు. సైన్యంలోకి అతని పేరు ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. మంచి రోజులే అనుకోవాలి. కానీ ఇంటి ముందు ఎవరైనా మర్యాదగా చెప్పులు విప్పితే మేమంతా ఇప్పటికీ మాట ఆపేస్తాం. మొదట్లో ఇదంతా ఎప్పుడు గడుస్తుందా అని రోజులు లెక్కపెట్టుకునేవాళ్ళం. ఎప్పుడు మానేశామో గుర్తులేదు. భయంతో మొదలైన ఆ రోజులు మేం చూస్తుండగానే మా మామూలు రోజులైపోయాయి.