గుమ్మటం గోడకు చెప్పిన మాట

ఆ రోజుల్లో నాకు దేవుడితో సొంత తగాదా ఉండేది. (లేనివాడితో తగాదా ఏమిటని నరసరావుపేటలో ఎవరూ అడగలేదు; అడిగితే ఇబ్బంది పడేవాణ్ణి.) పగలు కాలేజీలో ఫిజిక్సు పాఠం, సాయంత్రం ఏదో ఒక వేదిక మీద మూఢనమ్మకాల ఖండన. గోడలోంచి దేవుడి చేత మాట్లాడిస్తానన్న ఒక బాబా శిష్యుణ్ణి తెర వెనకాల గొంతు మార్చి మాట్లాడుతుండగా చెయ్యి పట్టుకుని బయటికి లాగి, ఆ సంగతి కరపత్రంగా కూడా అచ్చు వేశాను. దేశాన్ని ఇలా బాగుచేస్తూ ఉండగా నా పెళ్ళి మాత్రం ఆగిపోయింది. తోటి లెక్చరరైన ఒక అమ్మాయీ నేనూ ఇష్టపడ్డాం. పురోహితుడు లేకుండా, వెతికి మరీ రాహుకాలంలో చేసుకోవాలని నా పట్టుదల. గురజాలలో ఉన్న వాళ్ళ నాన్న ఒక్కటే షరతు పెట్టాడు: "మీ మేనత్త గారొచ్చి పిల్లనడిగితే మాకేం అభ్యంతరం లేదు బాబూ. ఆమె రాకపోతే ఈ మాట ఇంతటితో ఆపేద్దాం." తల్లిలేని నన్ను పెంచింది ఆ మేనత్తే. ఆరు నెలలుగా నేను ఆమెతో వాదిస్తున్నాను. ఆరు నెలలుగా ఆమె "చూద్దాంలేరా" అంటున్నది.

విజయపురి సౌత్ బడిలో టీచరుగా రిటైరైన అత్త, ఆ వేసవిలో తన తోటి టీచర్లతో కలిసి లండన్ చూడబోతూ నన్ను తోడు రమ్మంది. పారిపోవడానికి వీల్లేని శ్రోత పది రోజులపాటు దొరుకుతుందని వెంటనే ఒప్పుకున్నాను. అక్కడ వందల ఏళ్లనాటి పెద్ద చర్చి ఒకటుంది. గుమ్మం దగ్గర అత్త చెప్పులు విడిచింది. వేసుకోవచ్చమ్మా అని కాపలామనిషి సైగ చేశాడు. "చెప్పులతో లోపలికా? ఇదేం పద్ధతిరా?" అని వాటిని చేతిసంచిలో పెట్టుకుని, చల్లటి రాళ్ళ మీద ఉత్తకాళ్లతో నడిచింది. నేను గుమ్మటం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను: బయటినుంచి కనిపించే గుమ్మటం వేరు, లోపలినుంచి కనిపించేది వేరు, రెంటి మధ్యా దాగి పైబరువు మోసేది ఇటుకలతో కట్టిన మూడోది. అత్త తలెత్తి చూసి, "బరువు మోసేది ఎవరికీ కనపడదన్నమాట. మా ఆడోళ్ళ లెక్కే ఉందిరా" అంది. తర్వాత రెండొందల యాభైకి పైగా మెట్లెక్కాం. ఏటా కోటప్పకొండ మెట్లెక్కే మనిషి కాబట్టి నాకంటే ముందే పైకి చేరి, నేను ఆయాసపడుతూ వచ్చేదాకా జాలిగా చూస్తూ నిలబడింది.

గుమ్మటం మొదలయ్యేచోట లోపలివైపు గుండ్రంగా ఒక వసారా ఉంది. అక్కడ గోడకు నోరు ఆనించి గుసగుసలాడితే, ఆ మాట వంపు వెంబడే పాకి, నూరడుగుల అవతల ఎదుటివైపు కూర్చున్నవాళ్ళకు వినిపిస్తుంది. వివరించాను.

"నంది చెవిలో చెప్పుకున్నట్టన్నమాట."

"నంది కాదత్తా, ధ్వనిశాస్త్రం."

"ఏదైతే ఏందిరా? చెప్పింది అవతలికి చేరుద్దా లేదా?"

"చేరుతుంది."

"అయితే నువ్వటు పోయి కూర్చో."

వెళ్ళి కూర్చుని గోడకు చెవి ఆనించాను. అవతల అత్త కళ్ళు మూసుకుని, శివాలయంలో నందికి ఒక చెవి మూసి రెండోదాంట్లో చెప్పుకునేటట్టే, గోడకు ఒక పక్క అరచెయ్యి అడ్డం పెట్టింది. నేనున్న సంగతి మరిచిపోయిందనే అనుకున్నాను. (భక్తి మనిషిని మైమరపిస్తుందని అప్పటికి నాలుగు వ్యాసాలు రాశాను.)

"సామీ, నీ పేరేందో నాకు తెలవదు. మావాడు చానా మొండోడు. రాహుకాలంలో పెళ్ళంట. చేసుకోనీ, నాకేం? ఆ పిల్ల బంగారం, వీడికి తెలవకుండా గురజాల పోయి చూసొచ్చా. కానీ నేను సరే అన్నాననుకో, మా అత్తని వాదించి ఓడించానని మైకులో చెప్పుకుంటాడు. నేను పెంచినోడి చేతిలో ఓడిపోవడం నావల్ల కాదు. నువ్వన్నా ఒక దారి చెప్పు."

బాబా శిష్యుడు గుర్తొచ్చాడు, కరపత్రం గుర్తొచ్చింది, గురజాల కూడా గుర్తొచ్చింది. గురజాలదే పైచెయ్యి అయింది. ఇటూ అటూ చూసి, గోడకు నోరు ఆనించి, వీలైనంత బొంగురుగా అన్నాను: "వాడు ఎక్కడా చెప్పుకోడు. వెళ్ళి పిల్లనడుగు."

గోడలోంచి మళ్ళీ అత్త గొంతు వచ్చింది.

"మాటేనా?"

"మాటే."

"ఇంక మామూలు గొంతు పెట్టరా, దగ్గొస్తది."

తల తిప్పి చూసేసరికి అత్త లేచి చీర సర్దుకుంటున్నది. దిగేటప్పుడు ఇద్దరం మెట్ల గురించే మాట్లాడుకున్నాం.

నెల తిరక్కుండా అత్త బస్సెక్కి గురజాల వెళ్ళి పిల్లనడిగింది. కాలేజీ హాల్లో, రాహుకాలంలోనే పెళ్ళి జరిగింది. సభాధ్యక్షుడు మైకు నా చేతికిచ్చి, "పెద్దావిణ్ణి ఎట్టా ఒప్పించావో నాలుగు మాటలు చెప్పవయ్యా, కుర్రోళ్ళకు ఆదర్శంగా ఉంటది" అన్నాడు. అత్త మొదటి వరసలో కూర్చుని నన్నే చూస్తున్నది. నా జీవితంలో అంత మంచి విషయం, అంత నిండు సభ మళ్ళీ కలిసి రాలేదు. "నేనేం ఒప్పించలేదండీ, ఆమెకే తోచింది" అని మైకు ఇచ్చేశాను.

అత్త పోయి మూడేళ్లయింది. మైకులో చెప్పనన్నాను గాని కాగితం మీద రాయనని అనలేదు కదా అని ఇవాళ కలం పట్టాను. ఆ వయసులో అయితే ఈ వాదనతో సభ నెగ్గేవాణ్ణి. ఆమె ఉంటే ఇది మాత్రం ఒప్పుకునేది కాదు. అయినా, ఓడిందెవరో చదివినవాళ్ళకు తెలుస్తూనే ఉంది కాబట్టి, మాట తప్పినట్టు కాదనే అనుకుంటున్నాను.