ఆమె పట్టిన మునుం

చాలా ఏళ్ల కిందట జూన్ నెల రెండో సోమవారం, పొద్దున పదకొండు గంటలకు నేను మొదటిసారి సంతకం పెట్టాను. నిన్న కారం దంచుతుంటే ఘాటుకు కళ్లు మండి అదంతా గుర్తొచ్చింది. ఆ మంట తగిలితే నాకు రజిత గుర్తొస్తుంది.

రజితది రఘునాథపల్లి. భూపాలపల్లిలో డిగ్రీ చదువుతూ విద్యార్థి సంఘానికి నాయకురాలైంది. నేను చిట్యాల దగ్గర మిరప చేన్లకు కూలీలను కూడగట్టే మేస్త్రిని. ఛత్తీస్‌గఢ్ గొడవలకు ఊరొదిలి పారిపోయి వచ్చిన గుత్తికోయ ఆదివాసులు నా ముఠాలో ఉండేవారు. వాళ్లలో జోగి అనే ఆమె కూతురు దేవె ఇంటర్ చదువుతూ సెలవుల్లో కాయ ఏరేది. దాన్ని డిగ్రీలో చేర్పిస్తానని రజిత చేనుకొచ్చింది. నేను నమ్మలేదు. ఆడపిల్లల కోసం వచ్చేవాళ్లు తీయగానే మాట్లాడతారు.

"ఏ పార్టీ నీది?" అన్నాను.

"పార్టీ కాదవ్వా, సంఘం."

"పేరు మారింది గంతే. ముందుగాల మునుం పట్టు. పనైనంక మాట్లాడుదాం."

మునుం అంటే చేలో ఒక్కో మనిషి వంతుకు వచ్చే సాళ్లు. ముందు ముగించినవాళ్లు వెనకబడినవాళ్ల మునుంలోకి దిగి సాయం ఏరడం మా పద్ధతి. ఎవరినీ చేలో ఒంటరిగా వదలం. రజిత కారం చేతులతో కళ్లు నులుముకుని నీళ్లు కార్చింది, అయినా ఒడ్డెక్కి కూర్చోలేదు. చివరికి దేవె ఆమె మునుంలోకి దిగింది.

"అక్కా, నువ్వు నన్ను కాలేజీకి తోల్కపోతవా, నేనే నిన్ను ఒడ్డుకు తోల్కపోవాల్నా?" అంటే అందరం నవ్వాం.

హాస్టల్ సీటుకు నివాస పత్రం కావాలన్నారు. అది రాకుంటే దేవెకు మళ్లీ మిరప చేనే. ఈ పిల్ల ఇక్కడే ఉంటున్నదని ఊరి మనిషి ఒకరు సాక్ష్యం ఇవ్వాలి. రజిత కాగితం రాసి తెచ్చింది. నేను వేలిముద్ర వేయనన్నాను.

"ఏం రాసినవో నాకేమెరుక? రేపు నా ఎకరం పోతే?"

"చదివి చెప్పినా నమ్మవు గద."

"నమ్మ."

"అయితే నువ్వే చదువు. జూన్ దాక టైముంది."

ఆమెకు కోపం రాలేదు. అందుకే నాకు అనుమానం ఇంకా పెరిగింది. అయినా ఆమె రోజూ సాయంత్రం కాగానే మిరపకాయలు ఆరబోసే కల్లానికి వచ్చేది. ఎండిన కాయలను నేల మీద పేర్చి అక్షరాలు చూపించేది. కాయలు వంకర, మన అక్షరాలూ వంకరే, బాగా కుదిరాయి. జూన్ వచ్చేసరికి ఆ కాగితం కూడబలుక్కుని చదివాను. పుట్టినప్పటి నుంచి దేవె ఇక్కడే ఉంటున్నదని రాసి ఉంది.

"గిది అబద్ధం. తల్లి చంకల వచ్చింది. నేను చూసిన."

రజిత తల దించుకుంది. "నిజం రాస్తె సీటు రాదేమోనని భయమైంది, అవ్వా."

"అబద్ధం దొరికితె అసలుకే పోతది."

ఆమె కాగితం చింపేసి నేను చెప్పినట్టే మళ్లీ రాసింది.

ఆ సోమవారం తహసీల్ ఆఫీసులో, ఇలాంటి పత్రాలకు విచారణ చేసే గిర్దావరు సారు మొదట దేవెను అడిగాడు, ఎక్కడ పుట్టినవని.

"అవతలి అడవిల, సార్. గిక్కడికొచ్చినప్పుడు నాకు నడక రాదట."

కాగితంలోనూ అదే ఉంది. సారు నావైపు తిరిగాడు. "నీకెట్ల తెలుసు?"

"పిల్లను ఎత్తుకొచ్చిన నాటి సంది దీని తల్లి మునుం నా పక్కదే, సార్."

సంతకం పెట్టమన్నాడు. నేను మళ్లీ మొదటి నుంచి చదివాను. అందరూ ఆగారు.

దేవె ఇప్పుడు మహబూబాబాద్‌లో పంతులమ్మ. రజిత జనగామలో వకీలు. ఈరోజుకీ ఆమె కాగితం పంపినా నేను చదవందే సంతకం పెట్టను. పెట్టొద్దనే ఆమె కూడా చెబుతుంది.

ఆ రోజు ఆ గదిలో ఉన్నది గిర్దావరు సారు, జోగి, దేవె, రజిత, నేను. నా పేరు లచ్చమ్మ.