గంజి ఆరని పడుగు కొస

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. మా ఆయన కన్నుమూసిన ఇంట్లోనే మూడేళ్లుగా ఉంటున్నాను. పోయినవాళ్లు తిరిగొచ్చేదే నిజమైతే ఆయన ముందు బీడీకట్ట కోసం వచ్చేవాడని నవ్వేదాన్ని. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా కూతురు సుజాత రాస్తోంది. ఏమీ కలపొద్దని ఒట్టు పెట్టించుకున్నాను.

మాది ఎమ్మిగనూరు. మా ఆయన దుప్పట్లు నేసేవాడు. నేతలో అన్నిటికన్నా విసుగు పని నేయడం కాదు, మొదలుపెట్టడం. దువ్వెనలాంటి పన్నె ఉంటుంది. దాని సందుల్లో వందల పోగులు ఒక్కొక్కటిగా దూర్చాలి. అందుకే దుప్పటి అయిపోయాక నేతగాడు నిలువు పోగుల పడుగునంతా కోసేయడు. పన్నెలో జానెడు కొస వదిలి, కుచ్చులుగా ముడి వేసి పెడతాడు. కొత్త పడుగుకు గంజి పెట్టి తెచ్చాక దాని పోగులను ఆ కొసలకు అతికి లాగితే చాలు, మళ్లీ దూర్చే పని ఉండదు.

ఆయన పోయాక కూడా ఆయన చివరి దుప్పటి నీలం కొస అలాగే ఉండేది. పోయిన ఎండాకాలం నేనే కత్తెరతో కోసేశాను. ఇంక నేసేవాళ్లు లేరు కదా అనుకున్నాను. పోగులన్నీ పీకేసి, ఖాళీ పన్నెను పాత లుంగీలో చుట్టి అటక మీద పెట్టాను. పక్కింటి రమీజాబీ నిచ్చెన పట్టుకుంది. మగ్గం తీసేసిన చోట మా పాప సుజాత బల్ల వేసుకుంది.

పాప ఆదోనిలో డిగ్రీ చదివి, వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుంది. పన్నె అటకెక్కిన ఆర్నెల్లకు ఒక కంపెనీ పరీక్షగా ఒక పని ఇచ్చింది. బట్టల దుకాణం పేజీ చేయాలి. బుట్టలో ఒక చీర వేస్తే పైనున్న అంకె, కింది జాబితా, చివరి మొత్తం అన్నీ కలిసి మారాలి. దేని లెక్క అది పెట్టుకుంటే పైన రెండు, కింద మూడు కనిపిస్తాయట. అందుకని అన్నిటికీ ఒకేచోట లెక్క ఉంచాలి. దాన్ని స్టోర్ అంటారట.

ఆ స్టోర్ మొదలుపెట్టడంలోనే పాపకు రెండు రోజులు పోయాయి. ఏదో పాత పాఠం చూసి ఈ ఫైలు, ఆ ఫైలు, వాటిని కలిపే ఇంకో ఫైలు అని రాస్తూనే ఉంది. యాడ తప్పిందో తెలియలేదు. దుకాణంలో ఒక్క చీర కూడా పెట్టలేదు. మూడో రోజు సాయంత్రం ఆరులోపు పంపాలి. మధ్యాహ్నం రెండుకు బల్ల మీద తల పెట్టేసింది.

"నాతో కాదు మా. రేపట్నుంచి నీతోపాటు పత్తిమిల్లుకు వచ్చేస్తా."

"మిల్లులో ఏముంది పాపా, దుమ్ము. నా దగ్గు సాల్లేదా ఇంటికి?" అన్నాను. పాప నవ్వలేదు.

ఏం చేయాలో తోచక, పెద్ద గిన్నె కోసం అటకెక్కాను. చేయి లుంగీ మూటకు తగిలింది. తడిగా ఉంది. విప్పాను.

పన్నె నిండా నీలం పోగులు. కొసలు కుచ్చులుగా ముడేసి ఉన్నాయి. మా ఆయనది ఎడమచేతి వాటం, ఆయన ముడి అందరిలా కాక ఎడమకు తిరిగి ఉండేది. ఇవీ అటే తిరిగి ఉన్నాయి. అప్పుడే పెట్టినట్టు గంజి వాసన.

తెచ్చి పాప ముందు పెట్టాను.

"ఇదేంది మా? కోసినావు గదా? నేను సూసినా గదా!" అంది. వేలితో తడిమింది. ఆ జిగట ల్యాప్‌టాప్ మీట మీద కూడా అంటుకుంది.

ఆ ముడులను ఒక్కొక్కటే తిప్పి చూసింది. తర్వాత మెల్లగా అంది: "నాయన కొస ఇడిసిపెట్టేటోడు. నేను ప్రతిసారీ ఖాళీ పన్నెతో మొదలుపెడతాండా."

రాసిందంతా తీసేసింది. మొదట్లో నేర్చుకునేటప్పుడు చేసిన చిన్నది ఒకటి ఉందట. నొక్కితే అంకె పెరుగుతుంది, అంతే. దాని స్టోర్ ఒక్క ఫైలులోనే ఉంది, సరిగ్గా పనిచేస్తుంది. అది కదలకుండా ఉంచి, అంకె ఉన్నచోట ఖాళీ బుట్ట పెట్టింది. ఒక్క చీరను అతికింది. అది పనిచేశాకే రెండోది.

అయిదుకు నన్ను పిలిచి నొక్కమంది. నొక్కాను. పైన సున్నా ఒకటయింది. కింద చీర వచ్చింది. మొత్తమూ మారింది. మూడూ ఒక్కసారే.

"అతుకు కూర్సుంది మా," అంది పాప.

మా అటక ఎక్కావా అని మరుసటి రోజు రమీజాబీని అడిగాను. "నేనెందుకు ఎక్కుతా అక్కా, నిచ్చెన మీ ఇంట్లోనే ఉందిగా? ఎండ తగిలింద్యా నీకు?" అని నవ్వింది. పన్నె చూపించాను. నవ్వు ఆపేసింది. మా ఇంట్లో ఉన్నది ఒకే పన్నె. ఆయన పోయాక గంజి కాచింది లేదు. నీలం నూలు కొన్నదీ లేదు.

పాపకు ఉద్యోగం వచ్చింది. ఇంటినుంచే పని. కొత్తది ఏది చేసినా పాత కొసకే అతుకుతుంది. పన్నె ఆ బల్ల పక్కన గోడకుంది. గంజి ఎండిపోయింది. ఆయనలా ఎడమకు తిరిగే ముడి వేయాలని నేను చాలాసార్లు ప్రయత్నించాను. నా వేళ్లకు రాలేదు. ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. విప్పి చూడమని రమీజాబీ అంటుంది. నేను విప్పలేదు.